శవం రాని ఇల్లు: మూడేళ్లు ఆలస్యంగా మొదలైన శోకం

(మా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం అనుమతితో రాస్తున్న కేస్ స్టడీ ఇది. పేర్లు, ఊరు రాయలేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.)

2023 వేసవిలో, కరీంనగర్‌లో నాతో కలిసి పనిచేసే సైకియాట్రిస్ట్, థెరపీ చేసే నా దగ్గరికి ఒకామెను పంపించారు. జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. వయసు నలభైకి దగ్గర. బీడీలు చుడుతుంది. ఇంట్లో అత్తమ్మ, ఇంటర్ చదివే కొడుకు, తొమ్మిదో తరగతి కూతురు. చీటీ మీద తలనొప్పి, నిద్ర లేకపోవడం, గుండె దడ అని రాసి, కింద "చనిపోయిన భర్త నంబరుకు ఫోన్లు చేస్తోంది" అని రాశారు. పక్కన ఒక ప్రశ్నార్థకం. సైకోసిస్ (లేనిది ఉన్నట్టు నమ్మే మానసిక జబ్బు) ఏమో చూడమని.

అప్పటికే తిరగాల్సిన చోట్లన్నీ తిరిగారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఎక్కించిన సెలైన్లు, కరీంనగర్‌లో ఈసీజీ, తలకు స్కాన్. అన్నీ నార్మల్. గాలి తగిలిందని కట్టిన తాయెత్తు కూడా మెడలో ఉంది. వెంట వచ్చిన తమ్ముడు రిపోర్టుల కవరు బల్ల మీద పెట్టి, "బావ పోయి మూడేండ్లయింది మేడం. పిల్లల కోసమన్న ధైర్యంగ ఉండాలె గద, జర మీరు చెప్పున్రి" అన్నాడు. ఊళ్లో అందరూ ఆమెకు మూడేళ్లుగా చెబుతున్న మాట అదే. దానికి నా దాకా రానక్కర్లేదు.

నంబరు

ఫోన్ సంగతే ముందు అడిగాను. భర్త 2020 జూన్‌లో సౌదీలో చనిపోయాడు. ఆయన సౌదీ నంబరు ఈమె తీసేయలేదు. కొన్ని నెలలకు వాట్సాప్‌లో ఆయన ఫొటో పోయి బూడిద రంగు బొమ్మ మిగిలింది. అట్లా ఉన్నన్నాళ్లూ బాధ ఉన్నా బండి నడిచింది. 2023 మొదట్లో ఒకరోజు పొద్దున్నే చూస్తే ఆ బొమ్మ స్థానంలో ఎవరిదో చంటిపాప ఫొటో ఉంది. పైన 'ఆన్‌లైన్' అని ఉంది.

వాడకంలో లేని నంబర్లను కంపెనీలు కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. కొడుకు అదే చెప్పాడు. ఆమెకూ అర్థమైంది. అయినా ఫోన్ చేసింది. అవతల ఒక మగగొంతు హిందీలో "కౌన్?" అంది. పెట్టేసింది. మర్నాడు మళ్లీ చేసింది. తర్వాత రోజూ. కొన్నిసార్లు ఆ మనిషి ఎత్తి తిట్టేవాడు, కొన్నిసార్లు ఎత్తేవాడే కాదు.

"అవతల ఉన్నది మీ ఆయనే అనిపిస్తుందా?" అని అడిగాను.

"లేదు మేడం. ఆయన లేడని నాకెర్కే. కానీ రింగ్ అయితాంటే... ఎత్తేదాంక అది ఆయన నంబరే గద."

ఈ ఒక్క మాటతో ప్రశ్నార్థకం చాలావరకు తీరిపోయింది. ఆమెకు భ్రమ లేదు. రాత్రిపూట తలుపు దగ్గర ఆయన దగ్గినట్టు వినిపిస్తుందని కూడా చెప్పింది, చాలా భయపడుతూ. 'పిచ్చి' అని రాసేస్తానేమోనని. వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టర్ భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ఒక పరిశోధన వెలువరించాడు. వాళ్లలో దాదాపు సగం మందికి పోయిన మనిషి ఉన్నట్టు అనిపించడమో, కనిపించడమో, వినిపించడమో జరిగింది. చాలామంది ఆ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. ఇది ఆమెకు చెప్పినప్పుడు "ఫారినోళ్లకు గూడ అట్లనే అయితదా?" అని మొదటిసారి కొంచెం నవ్వింది.

ఇన్నేళ్లయినా తగ్గని ఇలాంటి శోకాన్ని వైద్య పరిభాషలో దీర్ఘకాలిక శోక రుగ్మత అంటున్నాం. 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) ప్రకారం చావు తర్వాత ఆరు నెలలు దాటాలి. అదే ఏడాది వచ్చిన డీఎస్‌ఎం-5-టీఆర్ (అమెరికా సైకియాట్రిస్టుల మానసిక రుగ్మతల పుస్తకం) ప్రకారం పెద్దవాళ్లకు ఏడాది. ఆ మనిషి సమాజంలో మామూలుగా ఉండే దుఃఖాన్ని మించి ఉండాలనే షరతు రెండింటిలోనూ ఉంది. మన దగ్గర నెలనెలా మాసికం పెట్టి ఏడాదికి సంవత్సరీకం చేస్తారు కాబట్టి ఆ ఏడాది గడువు మనవాళ్లకేమీ వింతగా ఉండదు. ఈమెకు లక్షణాలన్నీ సరిపోయాయి, వాటితో పాటు డిప్రెషన్ కూడా ఉంది. శోకం తీవ్రతను కొలిచే స్కేల్‌లోని ప్రశ్నలు నేనే ఆమె భాషలోకి మార్చి నోటితో అడిగాను. అందుకే వచ్చిన అంకెకు నేను పెద్దగా విలువ ఇవ్వను, ఇక్కడ రాయను కూడా. సైకియాట్రిస్ట్ డిప్రెషన్‌కు మందు మొదలుపెట్టారు. మందు ఒక్కటే శోకాన్ని తగ్గించదని 2016లో అమెరికన్ సైకియాట్రిస్ట్ కేథరిన్ షియర్ బృందం పరిశోధనలో తేలింది. డిప్రెషన్ లక్షణాలకు మాత్రం, థెరపీతో కలిస్తే, పనిచేస్తుంది. ఈమె విషయంలోనూ నిద్ర కుదిరింది, అంతకు మించి ఏమీ కదల్లేదు.

2020 జూన్‌లో ఏం జరిగింది, ఏం జరగలేదు

ఉత్తర తెలంగాణలో 'పెట్టె' అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. గల్ఫ్‌లో మనిషి పోతే కంపెనీ కాగితాలు, పోలీసు కాగితాలు, రాయబార కార్యాలయం ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), పాస్‌పోర్టు రద్దు, శవం పాడవకుండా చేసే ఎంబామింగ్, ఆ తర్వాత కార్గోలో శంషాబాద్. అక్కడి నుంచి అంబులెన్స్‌లో ఊరికి. వారాలు పట్టవచ్చు, నెలలు కూడా పట్టవచ్చు. అప్పటిదాకా ఇల్లు గాలిలోనే ఉంటుంది. పెట్టె దిగిన రోజే అసలు చావు. మొహం ఉన్నచోట తెరిచి చూపిస్తారు, ఆడవాళ్లు పెట్టె మీద పడి ఏడుస్తారు, దినాలు ఆ రోజు నుంచే లెక్క. ఏ శాస్త్రంలోనూ లేని ఈ పద్ధతిని యాభై ఏళ్ల వలసలో ఈ ఊళ్లు తమంతట తామే తయారు చేసుకున్నాయి. నాకు తెలిసిన ఏ థెరపీ కంటే ఇది తక్కువది కాదు.

2020లో పెట్టె రాలేదు. మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. కరోనా ఉన్న, లేదా ఉందని అనుమానమున్న మృతదేహాలను దేశంలోకి తేవడం మంచిది కాదని కేంద్రం ఏప్రిల్ 25న ఉత్తర్వు ఇచ్చింది. ఈమె భర్తకు పోయాక చేసిన టెస్టు పాజిటివ్ వచ్చింది. సౌదీలో దహనానికి వీల్లేదు, ముస్లిమేతరులను వాళ్లకు కేటాయించిన శ్మశానాల్లో పూడ్చాలి. దానికి ఇక్కడి వారసుల సమ్మతి పత్రం కావాలి. మార్చురీలో రోజులు గడుస్తున్నాయని, సంతకం పెట్టి పంపమని కంపెనీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మరిది బండి మీద తీసుకెళ్లి నోటరీ దగ్గర సంతకం పెట్టించాడు. కాగితంలో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు.

కబురు వచ్చిన రోజు ఇంటికి ఎవరూ రాలేదు. అప్పటి నిబంధనల ప్రకారం అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదు. ఇక్కడ అంత్యక్రియలే లేవు, ఇరవై మంది మాట దేవుడెరుగు. పక్కింటివాళ్లు గోడ అవతల నుంచే మాట్లాడారు. చనిపోయిన మనిషి మూడు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నా కరోనా అన్న మాటకే జనం జంకారు.

పంతులు ఒక దారి చెప్పాడు. శవం దొరకనప్పుడు దర్భలతోనో మోదుగ పుల్లలతోనో బొమ్మ చేసి దహనం చేసే విధి ఉంది, అది చేసి దినాలు జరిపిద్దామన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "నా కొడుకు రాలె. ఎవ్వలకు పెడ్తరు పిండం, గడ్డిబొమ్మకా?" అంది. అంతటితో అన్నీ ఆగిపోయాయి. మూడో రోజు పిట్టకు పెట్టలేదు, పదకొండో రోజు లేదు, మాసికం లేదు. గోడ మీద ఫొటో ఉంది గానీ దండ లేదు. అత్తమ్మ వేయనివ్వదు.

ఆపైన ఒక మాట మాత్రం ఇంట్లో పాతుకుపోయింది. కోపం వచ్చిన ప్రతిసారీ అత్తమ్మ అనేది: "నువ్వు సంతకం వెట్టకుంటే వచ్చెటోడు."

బొట్టు సంగతి

ఈ కేసులో చాలామంది తప్పుగా చదివే అవకాశం ఉన్న అంశం ఇది. ఆమె బొట్టు, గాజులు, పుస్తె ఏవీ తీయలేదు. ఊళ్లో గుసగుసలు. తమ్ముడు దాన్ని కూడా జబ్బు లక్షణాల్లో కలిపి చెప్పాడు.

నేను కలపలేదు. భర్త పోయిన ఆడదాన్ని కూర్చోబెట్టి గాజులు పగలగొట్టే తంతును వద్దనుకోవడం ఆరోగ్యమే. 2022 మేలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలోని హెర్వాడ్ గ్రామసభ అలాంటి ఆచారాలన్నీ నిషేధిస్తూ తీర్మానం చేసింది. ప్రతి ఊరూ చేయాల్సిన పని. అయితే ఆచారాన్ని కాదనడం వేరు, చావును కాదనడం వేరు. ఈమెది ఏది? అడిగితే, "బొట్టు తీస్తే ఆయన్ను నేనే సంపినట్టుంటది. ఒక్కపారి సంతకం పెట్టి సంపిన, సాలదా?" అంది. బొట్టు మీద నా పని ఏమీ లేదని, పని అంతా ఆ సంతకం మీదే ఉందని అప్పుడు తేలింది.

దృశ్యం లేని చావు

శోకం గడ్డకట్టినప్పుడు వాడే థెరపీల్లో ఎక్కువ ఆధారాలు ఉన్నది షియర్ రూపొందించినదే. 2005లో ప్రచురించిన పరీక్షలో ఇంటర్‌పర్సనల్ సైకోథెరపీ (మనుషుల మధ్య సంబంధాల మీద పనిచేసే పద్ధతి) తీసుకున్నవాళ్లలో 28 శాతం మంది మెరుగుపడితే, ఈ పద్ధతిలో 51 శాతం మెరుగుపడ్డారు. ఇందులో ముఖ్యమైన భాగం: కళ్లు మూసుకుని, చావు కబురు తెలిసిన క్షణం నుంచి జరిగినదంతా వర్తమానంలో జరుగుతున్నట్టు చెప్పాలి. దాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వినాలి. పదే పదే చెప్పగా, వినగా ఆ క్షణానికి ఉన్న పదును తగ్గుతుంది.

(శోకం అయిదు దశల్లో సాగుతుందని జనం చెప్పుకునే కుబ్లర్-రాస్ దశల గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆవిడ 1969లో వాటిని రాసింది చావుకు దగ్గరపడ్డ రోగుల గురించి. దుఃఖంలో ఉన్నవాళ్లను ఆ మెట్లు ఎక్కించే పని నేను పెట్టుకోను.)

ఈమెతో ఆ పద్ధతి మొదలుపెడితే అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఫోన్ మోగింది, మరిది ఎత్తాడు, "అన్న లేడట" అన్నాడు, నోటరీ దగ్గరికి పోయాం. అంతే. చెప్పడానికి దృశ్యమే లేదు. ఆఖరి మాట వినలేదు, మొహం చూడలేదు, మట్టి వేయలేదు. ఇంత ఖాళీలో ఆమె మనసు నింపుకున్నది ఒక్కటే: తాను పెట్టిన సంతకం. గదిలో కూర్చుని నేనెంత మాట్లాడినా ఆ ఖాళీ నిండదు. ఎవరైనా చూసినవాళ్లు కావాలి.

ఆ కాగితం ఉందా అని అడిగితే తర్వాతిసారి జిరాక్స్ తెచ్చింది. బీరువాలో చీరల కింద దాచిందట. సగం ఇంగ్లిష్, సగం అరబిక్, కింద నోటరీ ముద్ర, దాని పక్కన ఆమె పూర్తి పేరు, ఒక్కో అక్షరం విడివిడిగా. "ఇండ్ల ఏం రాసుందనుకుంటున్నవ్?" అని అడిగాను. "శవం మాకద్దని" అంది.

తెలుగులో చదివి చెప్పాను. ఫలానా పాస్‌పోర్టు నంబరు గల నా భర్త మృతదేహాన్ని అక్కడే ఖననం చేయడానికి మాకు అభ్యంతరం లేదు, ఆ ఏర్పాట్లు దగ్గరుండి చూసే అధికారం ఫలానా వ్యక్తికి ఇస్తున్నాం. మళ్లీ చదవమంది. రెండోసారి ఆ 'ఫలానా వ్యక్తి' పేరు దగ్గర ఆపింది. "ఈ పిల్లగాడు ఆయన రూముల ఉండెటోడే గద? ఈ పేరు నాకెర్కే. ఫోన్ల వదినే అని మాట్లాడేటోడు."

ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద తేదీలు రాశాం: విమానాలు ఆగింది, కేంద్రం ఉత్తర్వు, ఆయన పోయింది, టెస్టు ఫలితం, సంతకం. సంతకం పెట్టకపోయి ఉంటే ఏమయ్యేది? పెట్టె వచ్చేది కాదు, మార్చురీలో మరికొన్ని వారాలు ఉండేవాడు. లెక్క చెబితే అపరాధ భావం పోతుందని నేను అనుకోను. కానీ ఆ లెక్కను కొడుకు ఇంటికి తీసుకెళ్లి నాయనమ్మకు చదివి వినిపించాడు. ఆవిడ ఏమీ అనలేదట. 'సంతకం' అన్న మాట మాత్రం ఆ తర్వాత తగ్గింది.

చూసినవాడు

ఆ రూమ్‌మేట్‌ది పక్క మండలమే. ఆగస్టులో సెలవు మీద వచ్చాడని తమ్ముడు కనుక్కున్నాడు. అంతకుముందు కూడా ఒకసారి వచ్చి వెళ్లాడు గానీ ఈ గడప తొక్కలేదు. ఫోన్‌లో నాతో, "ఏం మొకం వెట్టుకోని పోవాలె మేడం, తోల్కవస్తనని చెప్పి పూడ్చి వచ్చినట్టాయె" అన్నాడు. రావడానికి ఒప్పించడానికి కొంత సమయం పట్టింది. ఒకటే చెప్పాను: ఓదార్చాల్సిన పని లేదు, తెలిసింది తెలిసినట్టు చెప్పు, తెలియంది తెలియదని చెప్పు.

మామూలుగా నేను ఇళ్లకు వెళ్లను. ఆ రోజు వెళ్లాను. వాకిట్లో చాప పరిచారు. అత్తమ్మ దూరంగా గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, రేకు కొలత పెట్టి తునికాకు కత్తిరిస్తూనే ఉంది. అతని వైపు చూడలేదు.

అతను మొదటి నుంచీ చెప్పాడు. నాలుగు రోజుల జ్వరం. క్యాంపులో వేరే గది ఇవ్వలేదు, పన్నెండు మందీ ఒకే దాంట్లో. రాత్రి అంబులెన్స్ ఎక్కుతూ "నా చార్జర్ జాగ్రత్త పెట్టు, రేపు తెప్పిచ్చుకుంట" అన్నాడట. అదే ఆఖరి మాట. ఆస్పత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు. తర్వాత ఈ కాగితం, ఆ కాగితం. పూడ్చే రోజు ఇద్దరినే లోపలికి పంపారు, అదీ దూరంగా నిలబడాలి. గుంత మిషన్‌తో తవ్వారు. అయిపోయాక దగ్గరికి రానిస్తే రెండు చేతులతో మట్టి వేశాడు. ఒక రాయి పాతారు, దాని మీద నంబరు.

ఫోన్ తీసి ఫొటో చూపించాడు. ఇసుక, వరుసగా చిన్న రాళ్లు. మూడేళ్లుగా ఎవరికీ పంపలేదు, తిడతారని.

కత్తెర చప్పుడు ఆగింది. అత్తమ్మ అడిగింది: "తలకాయ ఏ దిక్కుకు వెట్టిన్రు కొడుకా?"

"తెల్వది పెద్దమ్మా. దూరంకెల్లి చూసిన."

"నీళ్లు వోసిన్రా?"

"నా దగ్గర తాగే బాటిల్ ఉండె. అండ్ల మిగిలినయి పోసిన."

ఆమె చాట పక్కన పెట్టింది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత శోకం మొదలైంది. వినని వాళ్లకు చెప్పడం కష్టం: పోయినవాణ్ని వరసపెట్టి పిలుస్తూ, పుట్టినప్పటి నుంచి చేసినవన్నీ రాగంతో చెప్పుకుంటూ ఏడుస్తారు. వాడు బొంబాయి ఏజెంటుకు కట్టిన డబ్బు, మొదటిసారి పంపిన దుప్పటి, అన్నీ వచ్చాయి అందులో. కోడలు వెళ్లి ఆవిడ మెడ పట్టుకుంది. గోడ అవతల నుంచి ఒక్కొక్కరే ఆడవాళ్లు వచ్చారు. 2020 జూన్‌లో రానివాళ్లే. చాలాసేపు సాగింది. నేను చేయాల్సింది ఏమీ లేదు కాబట్టి బయట వేపచెట్టు కింద పిల్లలతో కూర్చున్నాను.

తర్వాత సెషన్లలో ఆమె దగ్గర చెప్పుకోవడానికి ఒక దృశ్యం ఉంది. కళ్లు మూసుకుని చార్జర్ దగ్గర మొదలుపెట్టేది. రికార్డింగ్ ఇంటి దగ్గర వినేది, కొన్నిసార్లు అత్తమ్మ కూడా పక్కన కూర్చునేదట. ఈ కేసులో నన్ను అడిగితే పనిచేసింది "తెల్వది పెద్దమ్మా" అన్న జవాబు. తూర్పో దక్షిణమో ఏదో ఒకటి చెప్పి సంతోషపెట్టి ఉంటే ఆవిడ మిగతాదీ నమ్మేది కాదు.

పెత్తరమాస, పింఛను

ఆ ఏడాది పెత్తరమాస అక్టోబర్ 14న వచ్చింది. పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు. అత్తమ్మ ప్రతి ఏడూ మామ పేరు మీద ఇస్తుంది. ఈసారి కొడుకు పేరు కూడా చెప్పింది, ఎవరూ అడగకుండానే. గడ్డిబొమ్మ, దహనం ఇవేవీ జరగలేదు, నేనూ ఆ ప్రస్తావన తేలేదు. మన దగ్గర అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. చనిపోయినవాళ్లకు పెట్టిన చేతులతోనే పూలు పేర్చే రోజు అది. ఆమె తంగేడు, గునుగు తెచ్చి కూతురికి బతుకమ్మ పేర్చి ఇచ్చింది. తాను ఆటకు పోలేదు. పోవాలని నేను ఒత్తిడి పెట్టలేదు.

కాగితాల పని కూడా చికిత్సలో భాగమే. ఆసరా కింద నెలకు 2,016 రూపాయల వితంతు పింఛను ఉందని ఆమెకు తెలుసు, కానీ మూడేళ్లు అప్లై చేయలేదు. ఆ గడిలో 'వితంతువు' అని రాయాలి కదా. నవంబర్‌లో రాసింది. ఇన్సూరెన్స్ రాలేదు: ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షలు ప్రమాదంలో పోతేనో, పూర్తి వైకల్యం వస్తేనో ఇస్తారు. 2024లో రాష్ట్రం గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది గానీ పాత మరణాలకు అది వర్తించలేదు. ఈ జవాబులన్నీ ఆమె ఆఫీసుల్లో స్వయంగా కనుక్కుని వచ్చింది. మొదటిసారి తమ్ముడు చేయి పట్టుకుని తీసుకొచ్చిన మనిషే.

ఇప్పుడు

నంబరు ఇంకా ఫోన్‌లో ఉంది. తీసేయమని నేను చెప్పలేదు. ఫోన్లు చేయడం పెత్తరమాసకు ముందే ఆగింది. రూమ్‌మేట్ ఆ నంబరు మనిషికి హిందీలో సంగతంతా చెప్పాడు, అతను బిహార్ నుంచి వచ్చిన డ్రైవర్ అట. భర్త పాత వాయిస్ మెసేజ్‌లు కొడుకు మెమరీ కార్డులోకి ఎక్కించి ఇచ్చాడు, పండుగలకు వింటుంది. తలనొప్పి తగ్గింది, మందు నెమ్మదిగా ఆపారు. బీడీలు మునుపటిలా కాకపోయినా చుడుతోంది. దగ్గు వినిపించడం పూర్తిగా పోలేదు, కానీ దానికి భయపడటం లేదు. ఫొటోకు అత్తమ్మ దండ ఇప్పటికీ వేయనివ్వదు. ఆవిడను నేను కదిలించలేదు, ఆవిడకు అవసరమని కూడా అనిపించలేదు.

మొన్న కొత్త విషయం వచ్చింది. కొడుకు ఇంటర్ అయిపోయి, ఎవరికీ చెప్పకుండా పాస్‌పోర్టుకు అప్లై చేశాడు. పోలీసు వెరిఫికేషన్‌కు వచ్చినప్పుడు గానీ ఇంట్లో తెలియలేదు. తలనొప్పి మళ్లీ మొదలైందని ఆమె ఫోన్ చేసింది. ఈసారి ఆమె, కొడుకు, అత్తమ్మ ముగ్గురినీ కలిసి రమ్మన్నాను.